చీఫ్ గెస్ట్ లేని కెరీర్ డే: లైఫ్ సైన్సెస్ విభాగంలో ఒక కేస్ స్టడీ

మా లైఫ్ సైన్సెస్ విభాగంలో కెరీర్ డే ఏటా జరిగేది, హాలూ ఏటా నిండేది. నిండకపోతేనే వింత, ఎందుకంటే ఆ రోజు అటెండెన్స్ అక్కడే వేసేవారు. పెద్ద కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న ఒకరు చీఫ్ గెస్ట్‌గా వచ్చి గంటన్నర మాట్లాడేవారు. కష్టపడాలి, కలలు కనాలి, కమ్యూనికేషన్ స్కిల్స్ పెంచుకోవాలి. చివర్లో "ఎనీ క్వశ్చన్స్?" అనగానే అందరూ తలలు దించుకునేవారు, ముందు వరసలో ఉన్న లెక్చరర్ ఎవరో మొహమాటానికి ఓ ప్రశ్న వేసేవారు, గ్రూప్ ఫొటో దిగేవారు, అయిపోయేది. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో మాత్రం దాదాపు అందరూ 'ఎక్సలెంట్' దగ్గరే టిక్ పెట్టేవారు.

నేను ఇక్కడ కెరీర్ సెల్‌లో కౌన్సెలర్‌ని. ప్లేస్‌మెంట్లు చూసే టీమ్ వేరు, నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా "ఏం చేయాలో అర్థం కావట్లేదు మేడమ్" అంటూ వచ్చేవాళ్లు. కెరీర్ డే అయిన వారంలో అలా వచ్చేవాళ్ల సంఖ్య ఏమైనా పెరుగుతుందేమో అని ప్రతిసారీ చూసేదాన్ని, పెరిగేది కాదు. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లోనే ఏ శిక్షణ కార్యక్రమాన్నైనా నాలుగు మెట్లలో అంచనా వేయమన్నారు: వచ్చినవాళ్లకి నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, ఆ తర్వాత వాళ్లు చేసే పనిలో తేడా వచ్చిందా, ఆ తేడా వల్ల చివరికి ఏం ఒరిగింది. మా ఫారాలు మొదటి మెట్టు దాటేవి కావు. నచ్చిందా అని అడిగితే నచ్చిందనే రాస్తారు, ఆ పూట క్లాసులు లేవు మరి.

అందుకే ఈసారి ఈవెంట్ బాధ్యత మా సెల్‌కి వచ్చినప్పుడు పెట్టుకున్న లక్ష్యం ఒక్కటే. ఈవెంట్ అయిన పదిహేను రోజుల్లోపు, విద్యార్థి తనకు ఇంతకుముందు తెలియని, ఉద్యోగంలో ఉన్న ఒక మనిషితో తనంతట తానుగా మాట్లాడాలి. ఫోన్‌లోనైనా, మెసేజ్‌లోనైనా, ఎదురుగా కూర్చునైనా సరే. "ఇంత చిన్న పనికి ఇంత హడావిడి దేనికి?" అన్నారు కమిటీలో ఒకరు. పరీక్షలో తొంభై తెచ్చుకున్న పిల్ల కూడా ఒక కొత్త మనిషికి రెండు లైన్ల మెసేజ్ పెట్టడానికి వారం రోజులు ఎలా టెన్షన్ పడుతుందో దగ్గర్నుంచి చూసినవాళ్లు ఆ మాట అనరు.

పిల్లలకి నిజంగా ఏం తెలీదు?

ప్లానింగ్‌కి ముందు రెండో ఏడాది, ఆఖరి ఏడాది విద్యార్థుల్ని చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి తలా ఒక తెల్లకాగితం ఇచ్చాం. మీ డిగ్రీ చేసినవాళ్లు చేసే ఉద్యోగాలు తెలిసినన్ని రాయమన్నాం. లెక్చరర్, ల్యాబ్ టెక్నీషియన్, మెడికల్ రిప్రజెంటేటివ్, సైంటిస్ట్. చాలామందికి పెన్ను అక్కడే ఆగిపోయింది. కొందరు ఆఖర్న 'సాఫ్ట్‌వేర్' అని చేర్చారు. అది బయాలజీ చదివితే వచ్చే ఉద్యోగమని కాదు, బయాలజీ నుంచి బయటపడే దారి అని. ఫార్మకోవిజిలెన్స్, మందులకి ప్రభుత్వ అనుమతుల పని చూసే రెగ్యులేటరీ అఫైర్స్, క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్, పేటెంట్ సెర్చ్, మందుల పరిశోధన పత్రాలు రాసిపెట్టే మెడికల్ రైటింగ్, క్వాలిటీ కంట్రోల్, పర్యావరణ ప్రభావ అంచనా కోసం చేసే జీవజాతుల సర్వేలు, బయోఇన్ఫర్మాటిక్స్... వీటిలో ఒకటి రెండు పేర్లు విన్నవాళ్లున్నారు. ఆ సీట్లో కూర్చున్న మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాడో చెప్పగలిగినవాళ్లు మాత్రం మాకు తగల్లేదు.

తర్వాత రెండో కాగితం. బంధువులు, లెక్చరర్లు కాకుండా, ఉద్యోగంలో ఉన్నవాళ్లలో మీరు ఫోన్ చేసి సలహా అడగగలిగిన ఐదుగురి పేర్లు రాయండి. తల్లిదండ్రులు ఆఫీసు ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు ఎలాగోలా ముగ్గుర్నో నలుగుర్నో పట్టుకొచ్చారు. ఇంట్లో మొట్టమొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్లల కాగితాలు చాలావరకు ఖాళీ. ఇద్దరి మార్కులూ ఒకటే, చదివిన పుస్తకాలూ ఒకటే, చేతిలో ఫోనూ ఇంటర్నెట్టూ ఇద్దరికీ ఉన్నాయి. తేడా అంతా ఈ రెండో కాగితంలోనే ఉంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. మార్క్ గ్రానొవెటర్ అనే సోషియాలజిస్టు 1973లోనే చెప్పారు, ఉద్యోగాల కబుర్లు ప్రాణస్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల దగ్గర్నుంచే ఎక్కువగా అందుతాయని, ఎందుకంటే మన దగ్గరివాళ్లకి తెలిసినవి మన చెవిన కూడా ముందే పడి ఉంటాయి. లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్ల మంది మీద జరిగిన ప్రయోగాల ఆధారంగా 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం దీనికి ఒక సవరణ చేర్చింది. ఉద్యోగం మారడానికి బాగా పనికొచ్చింది ఓ మోస్తరు పరిచయాలట. బొత్తిగా పేరుకే ఉన్న పరిచయాలు అంత పనికి రాలేదు. చీఫ్ గెస్ట్‌తో మా పిల్లలకి ఉన్నది ఆ పేరుకే ఉన్న పరిచయం, ఆయన వేదిక మీద, వీళ్లు పదహారో వరసలో. అంటే మేం చేయాల్సింది ఓ మోస్తరు పరిచయాలు పుట్టే చోటు. ఇరవై నిమిషాలు ఒకే టేబుల్ చుట్టూ కూర్చుని, ఒకరి మొహం ఒకరికి గుర్తుండేంత మాట్లాడుకోవాలి. డిజైన్ అంతా ఇక్కడి నుంచే వచ్చింది.

ఎవర్ని పిలిచాం

పూర్వ విద్యార్థుల జాబితాలో పెద్ద హోదాలవాళ్లని పక్కనపెట్టి, డిగ్రీయో పీజీయో పూర్తయి రెండు నుంచి ఆరేళ్లయినవాళ్లని వెతికాం. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న వైస్ ప్రెసిడెంట్‌కి తన మొదటి ఉద్యోగంలో ఏం చేశాడో సరిగ్గా గుర్తుండదు, గుర్తున్నా ఆ ఉద్యోగం ఇప్పుడు ఆ రూపంలో లేదు. మూడేళ్ల కిందట చేరిన అమ్మాయికి ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలు కూడా గుర్తుంటాయి. టాపర్లే కావాలని పట్టుబట్టలేదు. పీహెచ్‌డీ మధ్యలో మానేసి మెడికల్ రైటింగ్‌లోకి వెళ్లిన ఒకాయన్ని పట్టుబట్టి మరీ పిలిచాం. విభాగంలో కొందరు మొహం చిట్లించారు, "పిల్లలకి ఇదా మనం చూపించేది?" అని. ఆయన టేబుల్ దగ్గరే ఆఖరి దాకా కుర్చీలు ఖాళీ కాలేదు.

వచ్చేవాళ్లకి ముందే మూడు మాటలు చెప్పాం. మీ జీవితకథ వద్దు, నిన్న ఆఫీసులో ఏం చేశారో గంట గంటకీ చెప్పండి. మీ పనిలో వాడే ఒక వస్తువు, అదీ రహస్యం కానిది, చేతికందేలా తీసుకురండి. జీతం గురించి అడిగితే దాటేయకండి, కొత్తగా చేరినవాళ్లకి సుమారుగా ఎంత ఉంటుందో, ఎన్నేళ్లకి ఎంత పెరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ మూడో దాని మీద కమిటీలో వాదన జరిగింది, "పిల్లలు డబ్బు గురించే అడుగుతారు, మర్యాదగా ఉండదు" అని. వాళ్ల మనసులో తిరిగే ప్రశ్న అది, బయటికి అడగనివ్వకపోతే మిగతావేవీ చెవికెక్కవు అన్నది నా లెక్క. తీరా చూస్తే చాలా టేబుళ్ల దగ్గర అది రెండు నిమిషాల్లో తేలిపోయి పక్కకి జరిగింది.

వస్తువు తెమ్మనడం మాత్రం మేం అనుకున్న దానికంటే ఎక్కువ పనిచేసింది. పర్యావరణ సర్వేలు చేసే ఆయన తడిసి ఎండి అట్టకట్టిన ఫీల్డ్ నోట్‌బుక్ తెచ్చారు. మెడికల్ రైటింగ్ ఆయన ఎడిటర్ ఎర్ర గీతలతో ఏకిపారేసిన ఒక డ్రాఫ్ట్ పేజీ, కంపెనీ వివరాలు చెరిపేసి, తెచ్చారు. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చేసే అమ్మాయి ఖాళీ లాగ్‌బుక్ పేజీ తెచ్చి, తప్పు రాస్తే వైట్‌నర్ పెట్టకూడదు, కొట్టేసిన అక్షరం కింద కనపడేలా ఒకే గీత గీసి, పక్కన సంతకం, తేదీ, కారణం రాయాలి అని చూపించింది. "మా దగ్గర రాయని పని చేయని పనే" అందామె. ప్రాక్టికల్ రికార్డులు బ్లేడుతో గీకి దిద్దుకునే మా పిల్లలు ఆ పేజీ వంక చూసిన చూపు గంట లెక్చర్ పెట్టు.

ముందు వారం

ఫ్రాంక్ పార్సన్స్ 1908లో బోస్టన్‌లో వొకేషన్ బ్యూరో పెట్టి ఈ కౌన్సెలింగ్ అనే పనికి ఒక రూపం ఇచ్చినప్పుడే మూడు సంగతులు చెప్పారు. నిన్ను నువ్వు తెలుసుకోవాలి, పనుల గురించి తెలుసుకోవాలి, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించాలి. మా పాత కెరీర్ డే రెండోదాన్ని మాత్రమే, అదీ పైపైన, ముట్టుకునేది. మొదటిదాని కోసం ఈసారి ఈవెంట్‌కి ముందు వారం క్లాసులో అరగంట తీసుకుని, అమెరికా కార్మిక శాఖ వాళ్ల ఓనెట్ సైట్‌లో ఉచితంగా దొరికే ఇంట్రస్ట్ ప్రొఫైలర్ చేయించాం. 60 ప్రశ్నలుంటాయి, ఒక్కో పనీ ఇష్టమా కాదా అని. జాన్ హాలండ్ అనే సైకాలజిస్టు చెప్పిన ఆరు రకాల ఆసక్తుల్లో మనవి ఎటు మొగ్గుతున్నాయో చూపిస్తుంది, మనుషులకి సాయపడే పనులవైపు మొగ్గితే 'సోషల్', అలా. దీంతో ఒక చిక్కుంది. కొందరు పిల్లలు ఫలితాన్ని జాతకం చదివించుకున్నట్టు చదువుతారు, "నాది సోషల్ వచ్చింది మేడమ్, ఇంక ల్యాబ్ మానేయనా?" అని. అందుకని స్కోర్లు దాచుకోమని చెప్పి, ఒకే పని ఇచ్చాం. ఆ 60లో మీరు ఏమాత్రం ఆలోచించకుండా 'చాలా ఇష్టం' అని నొక్కినవి మూడు, 'అస్సలు వద్దు' అని నొక్కినవి మూడు ఒక కార్డు మీద రాసుకుని రండి.

ఆ కార్డు వెనక పక్క మేం అచ్చేసిన నాలుగు ప్రశ్నలున్నాయి. మాట దొరకనప్పుడు చూసి చదివేయడానికి. నిన్న మీకు విసుగొచ్చిన పని ఏది? చేరిన మొదటి నెలలో మీకు చేతకానిది ఏమిటి, ఎలా నేర్చుకున్నారు? మీ టీమ్‌లో ఈ ఉద్యోగం వదిలేసినవాళ్లు ఎందుకు వదిలేశారు? మీతో మాట్లాడాక నేను ఇంకెవరితో మాట్లాడితే మంచిది? నాలుగో ప్రశ్న కోసమే మిగతా మూడూ పెట్టాం అన్నా తప్పు లేదు.

ఆ రోజు

టేబుల్‌కి ఒక అతిథి, ఆరు కుర్చీలు, ఇరవై నిమిషాలకో గంట. విభాగాధిపతి పది నిమిషాలు మాట్లాడారు, అది మేం ఒప్పుకున్న రాజీ. అటెండెన్స్ లేదని ముందే చెప్పేశాం కాబట్టి జనం తగ్గారు, హాలు సగం ఖాళీగా కనిపించి నిర్వాహకుల్లో కొందరికి గుండె జారింది. ఫొటోలో బాగోదు, నిజమే.

మొదటి రౌండు చప్పగా నడిచింది. అతిథులు అలవాటుకొద్దీ ఉపన్యాసంలోకి జారుకున్నారు, పిల్లలు అలవాటుకొద్దీ తల ఊపారు. వలంటీర్లకి ముందే చెప్పి ఉంచాం, ఐదు నిమిషాలు ఒకే గొంతు వినిపిస్తే వెళ్లి "ఆ తెచ్చింది ఏమిటో ఒకసారి చూపిస్తారా?" అని అడగమని. రెండో రౌండుకి కార్డులు బయటికొచ్చాయి. ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు, అన్ని ప్రశ్నలూ తనే అడిగేవాడు. వాణ్ని ఆపడానికి ఏ ఉపాయమూ పూర్తిగా పనిచేయలేదు గానీ, వరసగా తలా ఒకటి కార్డులోంచి చదవాలన్న నియమం కొంత మేలు చేసింది.

ఫార్మకోవిజిలెన్స్ టేబుల్ దగ్గర జరిగింది కాస్త వివరంగా చెప్తాను. మందు మార్కెట్లోకి వచ్చాక, లేదా ట్రయల్స్‌లో ఉండగా, దానివల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగిందని వచ్చే రిపోర్టుల్ని పరిశీలించి నమోదు చేసే పని అది. అక్కడ కూర్చున్న మా పూర్వ విద్యార్థిని తనే అల్లుకొచ్చిన ఒక ఉత్తుత్తి కేసు కాగితం ఆరుగురికీ పంచింది. "యాభై నాలుగేళ్ల మహిళ ఫలానా మాత్ర వేసుకున్న మూడో రోజు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, మాత్ర ఆపేశాక తగ్గాయి." దీన్ని కేసుగా తీసుకోవచ్చా, తీసుకోకూడదా చెప్పండి అంది. ఆరుగురూ మందు గురించీ దద్దుర్ల గురించీ మాట్లాడటం మొదలుపెట్టారు, అలర్జీ అని ఒకరు, ఇమ్యునాలజీ క్లాసులో చెప్పిందంతా ఒకరు. అప్పటిదాకా నోరు విప్పని ఒకమ్మాయి కాగితం రెండుసార్లు చదివి, "అక్కా, ఇది మీకు ఎవరు చెప్పారో ఇందులో లేదు కదా" అంది.

అదే జవాబు. ఒక రిపోర్టు లెక్కలోకి రావాలంటే కనీసం నాలుగు ఉండాలి: ఫలానా అని గుర్తించగలిగే రోగి, రిపోర్ట్ చేసిన మనిషి, అనుమానం ఉన్న మందు, జరిగిన ఇబ్బంది. ఒకటి లేకపోయినా ముందు దాన్ని సంపాదించాలి. ఆ తర్వాత గడియారం మొదలవుతుంది. ట్రయల్‌లో ఉన్న మందువల్ల ముందుగా ఊహించని ప్రతిచర్య వచ్చి ప్రాణం పోయినా, ప్రాణం మీదికి వచ్చినా 7 రోజుల్లో, తీవ్రమైన మిగతావైతే 15 రోజుల్లో నియంత్రణ సంస్థకి చేరాలన్నది, మందుల నియమాలు దేశాలన్నిటిలో ఒకేలా ఉండేలా చూసే అంతర్జాతీయ మండలి ఐసీహెచ్ మార్గదర్శకం. "శుక్రవారం సాయంత్రం అలాంటి కేసు పడితే ఆ వారాంతం ఏమవుతుందో మీరే ఊహించుకోండి" అంది ఆమె నవ్వుతూ.

ఆ అమ్మాయికి కళ్లు మెరిశాయి అని రాయాలని ఉంది గానీ, నిజానికి ఆమె ఏమీ అనలేదు, కార్డు మీద ఏదో రాసుకుంది. పక్కన కూర్చున్న అబ్బాయి మాత్రం "రోజంతా ఇలాంటి కాగితాలేనా అక్కా?" అని అడిగాడు. అవునంది. "అయితే నాకు కుదరదు" అనేసి లేచి సర్వేల టేబుల్‌కి వెళ్లిపోయాడు. ఇరవై నిమిషాల్లో ఒక దారి తనది కాదని తేల్చుకుని లేచిన ఆ అబ్బాయినీ నేను ఈవెంట్ సాధించిన ఫలితాల్లోనే వేసుకుంటాను. ఆ సంగతి చేరిన ఆరు నెలల తర్వాత తెలిస్తే వాడికీ నష్టం, కంపెనీకీ నష్టం.

పోస్టర్ల వరండా

మా విభాగంలో ఆఖరి ఏడాది ప్రాజెక్టుల ప్రదర్శన ఇంకో నెలలో విడిగా జరిగేది. లెక్చరర్లే చూసేవారు, మార్కులు వేసేవారు, పోస్టర్లు చుట్టి అటక మీద పడేసేవారు. దాన్ని ఈ రోజుకే తెచ్చి మధ్యాహ్నం పెట్టాం. ఇదంతా చేయడంలో నాకు ఎక్కువగా నచ్చిన నిర్ణయం ఇదే.

పొద్దుట టేబుల్ దగ్గర తెలిసినవాళ్లు అతిథులు, తెలియనివాళ్లు విద్యార్థులు. మధ్యాహ్నం అది తిరగబడుతుంది. తన పోస్టర్ ముందు నిలబడ్డ పిల్లకి ఆ విషయంలో ఎదుటి మనిషికంటే ఎక్కువ తెలుసు. ఉద్యోగం అడగడానికి వచ్చినట్టు చేతులు నలుపుకోనక్కర్లేదు.

దీనికోసం రెండు నియమాలు బయటి నుంచి అరువు తెచ్చుకున్నాం. ఒకటి, క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో 2008లో మొదలైన త్రీ మినిట్ థీసిస్ పోటీ పద్ధతి. వాళ్లు పీహెచ్‌డీ విద్యార్థుల్ని ఒకే ఒక కదలని స్లైడుతో 3 నిమిషాల్లో చెప్పమంటారు, మేం పోస్టర్ ముందు అదే 3 నిమిషాలు పెట్టాం. రెండోది, మైక్ మారిసన్ అనే సైకాలజీ పరిశోధక విద్యార్థి 2019లో ప్రచారంలోకి తెచ్చిన పోస్టర్ డిజైన్. ప్రాజెక్టులో తేలిన ముఖ్య విషయం ఒక్క మామూలు వాక్యంలో, నడిమధ్య, దూరం నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. మిగతా పట్టికలూ గ్రాఫులూ పక్కలకి. ఆ ఒక్క వాక్యం రాయించడానికి పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. 'ఫలానా మొక్క ఆకుల కషాయపు సూక్ష్మజీవనాశక చర్యపై ఒక అధ్యయనం' అని రాసుకొచ్చేవాళ్లు. అది శీర్షిక, ఏం తేలింది అంటే "తేలింది సార్... అంటే... పనిచేసింది సార్" అనేవాళ్లు. దేని మీద పనిచేసింది, దేనితో పోలిస్తే? ఈ రెండు ప్రశ్నల దగ్గర సగం ప్రాజెక్టులు మళ్లీ మొదటికొచ్చాయి. గైడ్లకి ఇది నచ్చలేదు, సహజమే.

కప్పల మీద ప్రాజెక్టు చేసిన ఒక అబ్బాయి ఉన్నాడు. చీకటి పడ్డాక చెరువు గట్ల మీద కూర్చుని అరుపుల్ని బట్టి ఏయే జాతులున్నాయో లెక్కపెట్టడం వాడి పని. క్లాసులో వెనక బెంచీ, మార్కులు అంతంత మాత్రం. లెక్చరర్ వచ్చి శాంపిల్ సైజు ఎంత, ఏ స్టాటిస్టికల్ టెస్టు వాడావు అని అడిగారు, వాడు నీళ్లు నమిలాడు. కాసేపటికి సర్వేల ఆయన వచ్చి, "వాన పడ్డ రాత్రుల లెక్క విడిగా రాశావా?" అన్నారు. వాడు వెంటనే ఫోన్ తీసి ఏ రోజు ఎంత వాన పడింది, ఆ రాత్రి ఏ జాతి ఎక్కువగా అరిచింది, రికార్డింగులతో సహా వినిపించడం మొదలుపెట్టాడు. వాళ్లిద్దరూ అక్కడే గోడకి ఆనుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ అబ్బాయి పోస్టర్‌లో వానల సంగతి ఎక్కడా లేదు, అది 'సైన్సు' కిందికి రాదేమో అనుకుని వదిలేశాడట. అకడమిక్ ఈవెంట్‌కి బయటి మనిషి ఎందుకు కావాలి అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ వరండా సంగతే. లెక్చరర్ అడిగిన ప్రశ్నా సరైనదే, కానీ అది వాడికి తెలియనిదాన్ని బయటపెట్టింది, ఈయన ప్రశ్న తెలిసినదాన్ని బయటికి తీసింది.

మెసేజ్ రాసే అరగంట

ఇలాంటి ఈవెంట్లు చాలావరకు ఎక్కడ చస్తాయో తెలుసా? గేటు దాటాక. "తప్పకుండా కాంటాక్ట్ చేస్తాను అక్కా" అంటారు, నంబరు ఫోన్‌లో పడి ఉంటుంది, మూడు రోజులైతే ఇప్పుడు పెడితే ఏమనుకుంటారో అని, వారమైతే ఇంక గుర్తుండనే గుర్తుండనేమో అని. అందుకే సాయంత్రం ఎవర్నీ ఇళ్లకి పంపకముందు అరగంట మెసేజ్ రాయడానికే పెట్టాం. అతిథుల్లో ఒకర్ని ఎంచుకోవాలి, అక్కడే రాయాలి, పక్కవాళ్లకి చూపించాలి.

మొదటి డ్రాఫ్టులు అచ్చం సెలవు చీటీల్లా వచ్చాయి. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్, ప్లీజ్ గైడ్ మీ." దీనికి ఎవరైనా ఏమని జవాబిస్తారు? గైడ్ చేయడం అంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఫార్మకోవిజిలెన్స్ టేబుల్ దగ్గరి అమ్మాయి మూడోసారి రాసింది ఇలా ఉంది: "నమస్తే అక్కా, ఇవాళ మీ టేబుల్ దగ్గర, రిపోర్ట్ చేసిన మనిషి వివరం లేదని చెప్పింది నేనే. డాక్టర్లు పంపే రిపోర్టులకీ, రోగులు నేరుగా చెప్పేవాటికీ మీరు చూసే తీరులో తేడా ఉంటుందా? వీలున్నప్పుడు రెండు లైన్లు చెప్పినా చాలు." నేను ఎవరో గుర్తుచేసింది, ఒకే ప్రశ్న, జవాబివ్వడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రాత్రే జవాబొచ్చింది.

వెంటనే పంపడానికి మొహమాటపడ్డవాళ్లకి పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు పరిశోధనల్లోంచి ఒక చిట్కా తీసుకున్నాం. 'పంపుతాను' అని అనుకోవడం కంటే, 'ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను' అని ముందే ముడిపెట్టుకుంటే చేసే అవకాశం పెరుగుతుందని ఆయన చూపించారు. "రేపు పొద్దున బస్సులో సీటు దొరకగానే పంపుతాను" అని కార్డు మీద రాయించాం. పదిహేనో రోజున మేం ఒక్క ప్రశ్నే పంపాం: ఎవరితోనైనా మాట్లాడారా, ఎవరితో?

అందరూ మాట్లాడలేదు. కానీ మాట్లాడినవాళ్లలో రెండో కాగితం ఖాళీగా ఇచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారు, కొందరైతే ఒకరి ద్వారా ఇంకొకరి దాకా వెళ్లారు, కార్డు మీది నాలుగో ప్రశ్న అక్కడ పనికొచ్చింది. ఆ నెలలో నా దగ్గరికి వచ్చినవాళ్ల ప్రశ్నలూ మారాయి. "ఏం చేయాలో తెలీట్లేదు" బదులు "క్వాలిటీ కంట్రోల్‌లో షిఫ్టులుంటాయంట, రెగ్యులేటరీలో ఉండవంట, కానీ ఫ్రెషర్లని తక్కువ తీసుకుంటారంట, ముందు ఇందులో చేరి అటు మారొచ్చా?" అని అడుగుతున్నారు. ఇలాంటి ప్రశ్నకి నేను ఏదైనా చేయగలను. ఫార్మకోవిజిలెన్స్ టేబుల్ దగ్గరి అమ్మాయి ఫోన్‌లో ఆ అక్కతో రెండుసార్లు మాట్లాడి, గడువుల ఒత్తిడి తనకి పడదేమో అనుకుని, అక్కడి నుంచే మెడికల్ రైటింగ్ ఆయన పరిచయం తెచ్చుకుని, ప్రస్తుతం రెండింటి మధ్యా ఊగుతోంది. ఇంకా ఏదీ తేల్చుకోలేదు, తేల్చుకోమని నేనూ తొందరపెట్టడం లేదు.

కుదరనివి, ఇంకా మిగిలినవి

అటెండెన్స్ తీసేస్తే రానివాళ్లు రానే రారు, వాళ్లలో బద్ధకస్తులే కాదు, సాయంత్రాలు ఎక్కడో పనిచేసుకుని ఫీజు కట్టుకునే పిల్లలు, దూరం నుంచి వచ్చి మధ్యాహ్నం బస్సు పట్టుకోవాల్సిన పిల్లలు ఉన్నారు. రెండో కాగితం అందరికంటే ఖాళీగా ఉండేది వాళ్లదే. వాళ్లకోసం తర్వాత నలుగురు అతిథుల్ని క్లాసు టైములోనే ఒక్కో పీరియడ్ కోసం రప్పించాం. పోస్టర్లు లేవు, హడావిడి లేదు, టేబుల్ చుట్టూ కుర్చీలు, కార్డులు, చివర్లో పది నిమిషాలు మెసేజ్. పని జరిగింది. నిజానికి ఖర్చూ శ్రమా లెక్కేస్తే ఈ చిన్న రూపమే మెరుగేమో అని అనుమానం, పోస్టర్ల వరండా ఒక్కటి మాత్రం ఇందులో దొరకదు.

అతిథుల వైపు నుంచి వచ్చిన ఫిర్యాదు న్యాయమైనదే: అందరూ ఒకే ముగ్గురికి మెసేజ్‌లు పెట్టారు. మెడికల్ రైటింగ్ ఆయనకి తాకిడి మరీ ఎక్కువైంది. వచ్చే విడతలో ఒక్కో అతిథికి ఎంతమంది రాయొచ్చో ఆ అతిథినే ముందుగా అడిగి, ఆ సంఖ్య టేబుల్ మీద రాసి పెడతాం, నిండితే విద్యార్థి రెండో పేరు ఎంచుకోవాలి. ప్రొఫైలర్‌ని మొదటి ఏడాది పిల్లలకి మార్చాలా అన్న చర్చ నడుస్తోంది. నా ఓటు వద్దనే, మొదటి ఏడాదిలో 'చాలా ఇష్టం' అని నొక్కేవి ఎక్కువగా ఇంటర్‌లో మార్కులు బాగా వచ్చిన సబ్జెక్టులే. వాళ్లని వరండాలోకి మాత్రం రానిస్తాం, సీనియర్ల పోస్టర్ల ముందు నిలబడి ఆ 3 నిమిషాలు వినడానికి, తలా ఒక ప్రశ్న రాసి పెట్టడానికి. గైడ్లతో మీటింగ్ వచ్చే వారం ఉంది, పెద్ద అక్షరాల వాక్యం ఉంచాలా తీసేయాలా అన్నది అక్కడ తేలాలి.